నెత్తురుకు చలేస్తే...

సంక్రాంతి ముందు రోజుల్లో కొబ్బరినూనె సీసా సంగతి అందరికీ తెలిసిందే. రాత్రి మామూలుగా ఉన్న నూనె తెల్లారేసరికి తెల్లగా పేరుకుపోతుంది. సీసా బోర్లించి కొట్టినా చుక్క రాలదు. స్కూలుకి టైమైపోతోందని పిల్లలు గోల పెడుతుంటే అమ్మ దాన్ని కాసేపు ఎండలోనో, వేడినీళ్ల చెంబులోనో పెడుతుంది. ఐదు నిమిషాలు ఆగితే నూనె మళ్లీ నూనే!

మన ఒంట్లో నెత్తురు కూడా అలాగే చేస్తే? నెత్తురంతా కాదు లెండి. అందులో కలిసి తిరిగే ఒక రకం ప్రొటీను. వెచ్చగా ఉన్నంతసేపు కరిగి ఉంటుంది, చల్లబడితే పేరుకుంటుంది, మళ్లీ వెచ్చబడితే కరిగిపోతుంది. దీనికి డాక్టర్లు పెట్టిన పేరు నోరు తిరగనిది... క్రయోగ్లోబ్యులినీమియా. ‘క్రయో’ అంటే గ్రీకు భాషలో చలి. పేరు సరే, ఆ జబ్బు ఉందని తేల్చుకోవడానికి మా మేనత్తకు రెండేళ్లు పట్టింది. అందులో పది నెలల్ని ఒక ఐసు పెట్టె మింగేసింది. ఈ వారం ఆ కథే.

మేనత్తది ఆదిలాబాద్. మామయ్య పోయాక పాల బూత్ పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించింది. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాను వస్తుంది. నీళ్లు కారుతున్న ట్రేలు దించుకోవాలి, పాకెట్లు లెక్కపెట్టుకోవాలి, ఇళ్లకు పంపేవి విడిగా తీయాలి. ఆ ఊరి చలి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డిసెంబరు, జనవరి వచ్చాయంటే ఆ చుట్టుపక్కల ఉష్ణోగ్రత పది డిగ్రీలకన్నా కిందికి పోవడం మామూలే. ఆ చలిలో ఇరవై ఏళ్లకు పైగా ఆ ట్రేలు ఎత్తింది మేనత్త.

2017 డిసెంబరులో మొదటిసారి ఫోన్లో చెప్పింది. “ఏందో బిడ్డా, పాల పాకెటు ముడితె ఏళ్లు నాయి కానట్టె అయితన్నయి.” చూపుడు వేలు, మధ్య వేలు ముందు తెల్లగా పాలిపోతున్నాయట. తర్వాత నీలం. పొయ్యి దగ్గర కూర్చుంటే ఎర్రబడి సలుపు. వయసు మీద పడుతోంది కదా, చలి ఎక్కువుంది కదా అన్నాను నేను. జర్నలిస్టునని పేరే గానీ, అయినవాళ్ల దగ్గరికొచ్చేసరికి మనమూ అందరిలాగే మాట్లాడతాం!

సంక్రాంతికి వెళ్లినప్పుడు కాళ్లు చూపించింది. మోకాళ్ల కింద నుంచి చీలమండల దాకా ఎర్రటి చుక్కలు. కొన్ని కందిగింజంత, కొన్ని మినప్పప్పంత. వేలితో తడిమితే ఉబ్బుగా తగులుతున్నాయి. బూత్‌లో ఎక్కువసేపు నిలబడ్డ రోజున కొత్తవి పుట్టుకొస్తున్నాయి. పాతవి గోధుమరంగు మచ్చలుగా మిగులుతున్నాయి. పైగా కీళ్ల నొప్పులు, అరికాళ్లలో మంట, సాయంత్రానికల్లా లేవలేనంత నీరసం.

ఆ ఏడాదంతా మేనత్త వాడని మందు లేదు. ఒకరు ఎలర్జీ అన్నారు. ఒకరు షుగరు నరాల మంటేమో అన్నారు, పరీక్ష చేస్తే షుగరు లేదు. నెత్తురు చెడిందని వేపాకు కషాయం తాగించిన వాళ్లున్నారు. ‘నెత్తురు చెడింది’ అన్నమాట వినడానికి నవ్వొచ్చేది గానీ, తర్వాత చూస్తే అందరిలోకీ నిజానికి దగ్గరగా వచ్చింది వాళ్లేనేమో!

దారి చూపింది చర్మం డాక్టరు. చుక్క మీద గాజు పలక పెట్టి నొక్కితే మామూలు దద్దురైతే ఎరుపు పోతుంది. ఇది పోలేదు. అంటే చిన్న రక్తనాళాల్లోంచి నెత్తురు బయటికి చిమ్మిందన్న మాట. చిన్న చర్మం ముక్క తీసి పంపితే నాళాల గోడలు వాచాయని తేలింది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ బాగా ఎక్కువ, సీ4 అనే ప్రొటీను బాగా తక్కువ. ఈ రెండూ కలిసి కనిపిస్తే క్రయోగ్లోబ్యులిన్ల మీద అనుమానం రావాలట. ఆయనకు వచ్చింది. పరీక్ష రాసిచ్చాడు. అది 2019 ఫిబ్రవరి.

ఐసు పెట్టెలో దొంగ

అసలు తిరకాసు ఇక్కడే మొదలైంది. ఆ పరీక్ష ఊళ్లో లేదు. ఇంటికొచ్చి నెత్తురు తీసుకుపోయారు. ఐసు గడ్డలున్న పెట్టెలో భద్రంగా పెట్టి రాత్రి బస్సుకు హైదరాబాద్ పంపారు. రిపోర్టు వచ్చింది, ‘లేదు’ అని. డాక్టరుకు నమ్మకం కుదరక ఆగస్టులో మళ్లీ పంపించాడు. మళ్లీ ఐసు పెట్టె, మళ్లీ రాత్రి బస్సు, మళ్లీ ‘లేదు’.

ఈలోపు ఎండాకాలం రానే వచ్చింది. చలి జబ్బే అయితే ఎండలకు తగ్గిపోవాలి కదా అని ఇంటిల్లిపాదీ ఆశపడ్డాం. వేళ్లు నీలమవడం తగ్గింది కూడా. కానీ చుక్కలు ఆగలేదు. మే నెలలో, ఊరంతా నలభై దాటి మండిపోతుంటే, కాళ్లకు నీరొచ్చింది. మూత్రంలో నురగ. బీపీ ఎప్పుడూ లేనిది పెరిగింది. చలి లేకపోయినా జబ్బు లోపల తన పని తాను చేసుకుపోతోందని మాకెవరికీ తెలియదు.

ఆ డిసెంబరులో హైదరాబాద్ తీసుకొచ్చాం. కీళ్లవాతం, రోగనిరోధక వ్యవస్థ జబ్బులు చూసే డాక్టరు ఫైలంతా తిరగేసి రెండే ప్రశ్నలు వేశారు. మొదటిది: “ఎప్పుడైనా నెత్తురెక్కించారా అమ్మా?” ఎక్కించారు. 1993లో గర్భసంచి ఆపరేషనప్పుడు రెండు సీసాలు. రెండోది నా వైపు తిరిగి: “ఈ శాంపిలు ఎలా పంపారు?”

చాలా జాగ్రత్తగా, ఐసు పెట్టెలో పంపారని గొప్పగా చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేశారు.

“రిపోర్టు తప్పు అనను. ఆ గొట్టంలో లేదు, అంతవరకే నిజం. ఈమె నెత్తుట్లో లేదని కాదు.”

సంగతి ఏమిటంటే, నెత్తురు తీశాక గొట్టంలో గడ్డకడుతుంది. దాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెడితే గడ్డ కిందికి పోయి పైన లేత పసుపు నీరు తేలుతుంది. అదే సీరం. పరీక్ష చేసేది ఆ సీరాన్నే. కానీ నెత్తురు ముందే చల్లబడిందనుకోండి, మనం వెతుకుతున్న ప్రొటీను అప్పటికే పేరుకుని గడ్డతో పాటు అడుగుకు పోతుంది. గడ్డను పారేసి పైనున్న సీరంలో వెతికితే ఏం దొరుకుతుంది? దొంగ గోడ దూకి పోయాక ఇల్లు సోదా చేసినట్టే!

ఇందులో ఆ నెత్తురు తీసిన కుర్రాడిని తప్పు పట్టాలని లేదు. వందల పరీక్షలకు చల్లగా పంపడమే పద్ధతని అతనికి నేర్పారు. వేళకు వచ్చాడు, పేరు సరిగ్గా రాశాడు, ఐసు నిండుగా పెట్టాడు. అంత శ్రద్ధగా చేసిన పనే ఈ ఒక్క పరీక్షనూ పాడుచేసింది. మరి ఆ గొట్టం అందుకున్న ల్యాబు? చల్లగా వచ్చిన శాంపిలును ‘ఇది పనికిరాదు’ అని తిప్పి పంపాల్సింది వాళ్లు. రెండుసార్లూ డబ్బు తీసుకుని రిపోర్టు ఇచ్చారు. ఆ కోపం మాత్రం నాకింకా పోలేదు.

ఫ్లాస్కు మోసిన రోజు

మూడోసారి పరీక్షకు మేమే ల్యాబున్న చోటికి వెళ్లాం. నెత్తురు తీసే గదిలో ఏసీ ఆపేశారు. సిరంజి, గొట్టాలు ముందే వెచ్చబెట్టి ఉంచారు. బల్ల మీద ఒక థర్మాస్ ఫ్లాస్కు, అందులో నీళ్లు, నీళ్లలో థర్మామీటరు. సరిగ్గా 37 డిగ్రీలు, అంటే మన ఒంటి వేడి. ఇరవై మిల్లీలీటర్ల నెత్తురు తీసి, గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ లేని గొట్టాల్లో పోసి, మూత బిగించి ఫ్లాస్కులోకి దించారు. ల్యాబు రెండో అంతస్తులో. ఫ్లాస్కు పట్టుకుని టెక్నీషియన్ వెంట మెట్లెక్కింది నేనే. అంత జాగ్రత్తగా నా పెళ్లి పట్టుచీర కూడా మోయలేదు.

కింద కుర్చీలో కూర్చున్న మేనత్త నేను తిరిగి రాగానే అంది... “పాలు ఇరగొద్దని ఇన్నేండ్లు ఐసుల పెడితిని. నా నెత్తురు ఇరగొద్దని ఉడుకు నీళ్లల్ల పెట్టిండ్రు. చూసినవా బిడ్డా!”

పైన ఆ గొట్టాలు గంటకు పైగా 37 డిగ్రీల పెట్టెలోనే ఉండి గడ్డకట్టాయి. గిర్రున తిప్పిన యంత్రం కూడా వెచ్చనిదే. సీరం విడిపోయాకే, అప్పుడు మాత్రమే, దాన్ని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టారు. ఇక ఎదురుచూపు. కొన్ని రకాలు ఒక్క రోజులోనే పేరుకుంటాయి, కొన్నింటికి వారం పడుతుంది. అందుకే మర్నాడే ‘లేదు’ అని చెప్పే రిపోర్టును నమ్మకూడదట.

మొదటి రోజు ఏమీ లేదు. మూడో రోజు ఫోనొచ్చింది. ఏడో రోజు వెళితే టెక్నీషియన్ సన్నటి గాజు గొట్టం తీసి దీపం ముందు పెట్టి చూపించాడు. పైన లేత పసుపు, అడుగున గంజి పేరుకున్నట్టు తెల్లటి మడ్డి. నూరు గీతల గొట్టంలో నాలుగు గీతల ఎత్తు. అంటే నాలుగు శాతం. తర్వాత అదే సీరాన్ని కొంచెం వెచ్చటి నీళ్లలో పెట్టాడు. కాసేపటికి మడ్డి మాయం! రెండేళ్లుగా మేనత్త వేళ్లలో, కాళ్లలో ఏం జరుగుతోందో అప్పుడు కళ్లారా చూశాను.

ఆ గొట్టానికో చరిత్ర ఉంది. దాని పేరు విన్‌ట్రోబ్ గొట్టం. మన దగ్గర చాలా ల్యాబుల్లో ఈఎస్ఆర్ చూడటానికి వాడింది దీన్నే. దాన్ని తయారుచేసిన మాక్స్‌వెల్ విన్‌ట్రోబే మేరీ బ్యూయెల్‌తో కలిసి 1933లో, ఎముక మజ్జ కేన్సరున్న ఒక రోగి సీరం చల్లబెడితే పేరుకోవడం మొదటిసారి గమనించి రాశాడు. క్రయోగ్లోబ్యులిన్ అన్న పేరు 1947లో వచ్చింది. ఒంటిమీద చుక్కలు, కీళ్ల నొప్పులు, నీరసం... ఈ మూడూ కలిసి వస్తాయని 1966లో మెల్ట్జర్, ఫ్రాంక్లిన్ అనే ఇద్దరు డాక్టర్లు చెప్పారు. మేనత్త ఫోన్లో చెప్పింది కూడా అక్షరాలా ఆ మూడే.

ఇంతకీ ఈ ప్రొటీను ఎక్కడిది? పరాయిదేం కాదు. రోగాల మీద పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే ఇవి. ఏదో కారణంతో ఒక రకం యాంటీబాడీ అదుపు తప్పి పుట్టుకొస్తూ, ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలవుతాయి. ఒక్కోసారి దాని వెనుక మైలోమా వంటి రక్త కేన్సరు ఉంటుంది. ఒక్కోసారి లూపస్, షోగ్రెన్ వంటి జబ్బులుంటాయి. మిశ్రమ రకం అనేదానికి చాలాకాలం కారణమే తెలియలేదు. 1989లో హెపటైటిస్-సి వైరస్‌ను కనిపెట్టాక గుట్టు వీడింది. ఆ రకంలో ఎక్కువమందికి మూలం ఆ వైరసే. ఏళ్ల తరబడి కాలేయంలో కూర్చుని రోగనిరోధక కణాలను కెలుకుతూ ఉంటుందది.

మేనత్తదీ అదే. 1993లో ఎక్కించిన ఆ నెత్తురు! దానం చేసిన నెత్తురుకు హెపటైటిస్-సి పరీక్ష మన దేశంలో తప్పనిసరి అయ్యింది 2000 దాటాకే. ఆనాడు ప్రాణం నిలిపిన సీసాతోపాటే వైరసూ వచ్చి ఉంటుందని డాక్టరు అన్నారు. ఇరవై నాలుగేళ్లు చప్పుడు చేయకుండా కూర్చుంది. ఈ మాట చెప్పినప్పుడు మేనత్త ఎవరినీ ఏమీ అనలేదు. “అప్పుడు ఆ నెత్తురు లేకుంటె పిల్లలు ఆగమయ్యేటోళ్లు” అంది, అంతే.

ఇంతా చేసి, కారణం దొరికాక వైద్యం అనుకున్నంత కష్టం కాలేదు. ఒకప్పుడు ఈ వైరస్‌కు ఇంజెక్షన్లు నెలల తరబడి చేయించుకోవాలి, బాధలూ ఎక్కువే. 2013 చివర అమెరికాలో సోఫోస్బువిర్ మాత్ర వచ్చింది. అక్కడ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు! 2015 నుంచి మన హైదరాబాద్ కంపెనీలు కూడా జెనెరిక్ తయారుచేయడంతో అందుబాటులోకి వచ్చింది. 2018 జులైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. మేనత్త రోజూ మాత్రలు మింగింది, పన్నెండు వారాలు. మూడో నెల సీసా తెచ్చుకునే వేళకు లాక్‌డౌన్ పడింది. పాల వ్యాను పాసు పుణ్యమా అని ఆ సీసా ఇల్లు చేరింది. జులైలో పరీక్ష చేస్తే వైరస్ లేదు.

వైరస్ పోతే అంతా పోయినట్టేనా? కాదు. అది పోయినా పేరుకునే ప్రొటీను కొందరిలో నెలలు, ఏళ్లు మిగిలిపోతుంది. మూత్రపిండాలు, నరాలు బాగా దెబ్బతింటే స్టెరాయిడ్లు, రిటక్సిమాబ్ ఇంజెక్షన్లు వాడతారు. మరీ ప్రమాదంగా ఉంటే నెత్తుట్లోని ప్లాస్మాను తీసి మార్చే ప్రక్రియ కూడా ఉంది. మేనత్తకు మొదట్లో కొన్ని వారాల స్టెరాయిడ్లు, బీపీ మాత్రతో సరిపోయింది. చుక్కలు ఆగాయి, నురగ తగ్గింది. అరికాళ్ల మంట మాత్రం పూర్తిగా పోలేదు. పది నెలలు ముందే మొదలుపెట్టి ఉంటే పోయేదేమో! డాక్టరును అడిగాను, ఆవిడ సూటిగా జవాబివ్వలేదు.

చేతిగుడ్డల సంసారం

చలితో కాపురం ఎలా చేయాలో మేనత్తను చూసి నేర్చుకోవాలి. ఫ్రిజ్ తలుపు తీయాలన్నా ఉన్ని చేతిగుడ్డ ఉండాల్సిందే. అంట్లకు గోరువెచ్చని నీళ్లు. బస్సులో కిటికీ పక్క సీటు వద్దు. సినిమా హాల్లో ఏసీ పడదని సినిమాలే మానేసింది, టీవీలో వచ్చేదాకా ఆగుతుంది. ట్రేలు ఇప్పుడు కొడుకే దించుతున్నాడు. తను కుర్చీ వేసుకుని డబ్బులు తీసుకుంటుంది. చేతిగుడ్డలతో నోట్లు లెక్కపెట్టొచ్చుగానీ రూపాయి బిళ్ల ఏరడం రాదు. అందుకే చిల్లర డబ్బాలోంచి ఎవరికి వాళ్లే తీసుకుపోవాలి. “ఎవ్వరు ఎక్కువ తీస్కపోలె ఇప్పటిదాంక” అంటుంది.

వెచ్చదనంలోనూ ఒక ప్రమాదం ఉంది. మొద్దుబారిన కాళ్లకు వేడి తెలియదు. ఒక చలికాలం నలుగురితో చలిమంట కాగుతూ పాదం కాల్చుకుంది, వాసన వచ్చేదాకా తెలియలేదు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. అప్పటినుంచి నీళ్ల వేడి చూసేది పాదంతో కాదు, మోచేత్తో. రాత్రి పడుకునే ముందు మనవరాలు టార్చి వేసి అరికాళ్లు చూస్తుంది. మూడు నెలలకోసారి మూత్రం, క్రియాటినిన్, బీపీ... అవి మాత్రం ఎండాకాలమైనా వదలకూడదు.

ఇంకో సంగతి. ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే ఈ జబ్బున్నట్టు మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. థియేటర్లో చలి ఎక్కువ, ఎక్కించే సెలైనూ చల్లగానే ఉంటుంది. వెచ్చబెట్టి ఎక్కించే ఏర్పాటు వాళ్లు చేసుకుంటారు. గుండె ఆపరేషన్లలో కొన్నిసార్లు ఒంటిని కావాలనే చల్లబరుస్తారు కాబట్టి ఈ మాట మరీ ముఖ్యం. మేనత్త పర్సులో ఓ కాగితం మీద ఇదంతా డాక్టరు చేత రాయించి, ప్లాస్టిక్ కవరు వేయించి పెట్టాను.

ఇది చదివి, చలికి వేళ్లు తిమ్మిరెక్కిన ప్రతివాళ్లూ ల్యాబుకు పరుగెత్తక్కర్లేదు. ఇది అరుదైన జబ్బు. చలికి వేళ్లు తెల్లబడటం చాలామందికి ఏ జబ్బూ లేకుండానే ఉంటుంది. కానీ కాళ్ల మీద ఉబ్బెత్తు ఎర్రచుక్కలు, కీళ్ల నొప్పి, నీరసం, అరికాళ్ల మంట... ఇవి కలిసివస్తే, డాక్టరు ఈ పరీక్ష రాస్తే, ఇంటికొచ్చి తీసుకుపోతామంటే ఒప్పుకోకండి. ల్యాబుకే వెళ్లండి. సిరంజి వెచ్చబెట్టారా, సీరం విడదీసేదాకా 37 డిగ్రీల్లో ఉంచుతారా, ఎన్ని రోజులు చూస్తారు అని అడగండి. విసుక్కున్నా సరే. ‘లేదు’ అని వచ్చినా డాక్టరు అనుమానం తీరకపోతే మరోసారి చేయించండి.

మొన్న చలికాలం మేనత్తను మళ్లీ పరీక్షకు తీసుకెళ్లాను. కొత్త టెక్నీషియన్, చిన్నమ్మాయి. సిరంజి తీసుకోబోతుంటే మేనత్త “ఆగు బిడ్డా” అని చేతిగుడ్డ విప్పి, కొంగు సర్దుకుని, ఫ్లాస్కులో నీళ్లు కొంచెం మూతలోకి వంపించుకుని మోచెయ్యి ఆనించి చూసింది. పసిపిల్లల లాలకు నీళ్లు చూసినట్టు.

“ఆ... ఇప్పుడు తియ్యి” అని చెయ్యి చాపింది.